మీకు తెలుసా? మనుషుల ముఖాల వెంట పడ్డ కెమెరాల వింతలు!

రాజుల్ని, సినిమా తారల్ని ఎవరైనా ఫొటో తీస్తారు. రైతు, తాపీ పనివాడు, బడి మాని మిల్లుకెళ్లే పిల్ల, దారిన పోయే దానయ్య... వీళ్ల ముఖాల కోసం జీవితాలు ధారపోసిన ఫొటోగ్రాఫర్లూ ఉన్నారు! వాళ్ల గాజు పలకల్లోంచి, రీళ్లలోంచి ఏరి తెచ్చిన వింతలివి. ఫోను మీ చేతిలోనూ ఉంది కదా, నచ్చిన ఉపాయాన్ని మొహమాటం లేకుండా కాపీ కొట్టేయండి!

★ ఫొటోలో పడ్డ తొలి మనిషి ఏం చేస్తున్నాడో చెప్పుకోండి చూద్దాం? బూట్లు పాలిష్ చేయించుకుంటున్నాడు! 1838లో డాగేర్ పారిస్ వీధిని తీసినప్పుడు బొమ్మ పడటానికి నిమిషాలు పట్టింది. బళ్లూ జనమూ కదిలిపోయి మాయమైతే, కాలు కదపని ఆయన మిగిలిపోయాడు.

★ సెల్ఫీకి 185 ఏళ్లు దాటాయి! 1839లో ఫిలడెల్ఫియాలో దీపాల వ్యాపారం చేసే కుటుంబానికి చెందిన రాబర్ట్ కార్నేలియస్, చెదిరిన జుట్టుతో, తన కెమెరా ముందు తనే నిలబడి బొమ్మ తీసుకున్నాడు.

★ పిల్లల ఎత్తు కొలవడానికి కోటు గుండీలు చాలు! అమెరికా మిల్లుల్లో బాలకార్మికుల్ని ఫొటో తీసిన లూయిస్ హైన్, తన కోటు గుండీల్లో ఏది నేలకు ఎంత ఎత్తులో ఉందో ముందే గుర్తుపెట్టుకుని, పిల్లలు పక్కన నిలబడగానే లెక్క కట్టి, జేబులోనే చెయ్యి పెట్టి రాసుకునేవాడు.

★ అదే హైన్ ఒకరోజు బైబిళ్లు అమ్మేవాడు, ఇంకోరోజు పోస్టుకార్డుల వర్తకుడు! ఫొటోగ్రాఫరని తెలిస్తే గేటు దాటనివ్వరు మరి. బాలకార్మికుల్ని ఆయన తీసిన ఫొటోలు దాదాపు 5,000. అమెరికాలో బాలకార్మిక చట్టాలకు దారి వేసినవాటిలో అవీ ఉన్నాయి.

★ ఇద్దరు మహా ఫొటోగ్రాఫర్లు, రెండు ఖండాలు, ఒకే రకం బడి... గని! జర్మనీలో ఆగస్ట్ సాండర్, పెరూలో మార్టిన్ చాంబి ఇద్దరూ కుర్రవాళ్లుగా ఉన్నప్పుడు గనుల దగ్గరికి ఫొటోలు తీయడానికి వచ్చినవాళ్లను చూసే ఈ విద్య మీద మనసు పడ్డారు.

★ అరవై ముఖాలను చూసి నాజీ ప్రభుత్వం ఉలిక్కిపడింది! సాండర్ 1929లో 60 మంది జర్మన్ల ఫొటోలతో పుస్తకం వేస్తే, 1936లో దాని ప్రతులు జప్తు చేసి అచ్చు పలకలు ధ్వంసం చేశారు. జర్మన్ అంటే ఇలాగే ఉండాలన్న వాళ్ల ఊహకు ఆ మామూలు ముఖాలు లొంగలేదు మరి.

★ బాంబులకు చెక్కుచెదరలేదు, దొంగల పాలబడి బూడిదయ్యాయి! 1944లో బాంబులు పడి సాండర్ స్టూడియో కూలినా కింది గదిలోని దాదాపు 30,000 నెగెటివ్‌లు బతికాయి. యుద్ధం అయిపోయాక 1946లో ఆ గదిని దోచుకోవడానికి వచ్చినవాళ్ల వల్ల నిప్పంటుకుని కాలిపోయాయి.

★ హింసించినవాళ్లూ హింసకు గురైనవాళ్లూ ఒకే ఆల్బమ్‌లో! ఇరవయ్యో శతాబ్దపు మనుషులందరినీ ఒకచోట చేర్చాలనుకున్న సాండర్, నాజీ సైనికుల పక్కనే దేశం విడిచిపోవడానికి ఫొటో దిగిన యూదులకూ చోటిచ్చాడు. నాజీల జైల్లో ఉన్న తన కొడుకు అక్కడ తీసిన ఖైదీల ఫొటోలూ అందులో ఉన్నాయి.

★ ఒక్క ఫొటో నుంచి ఒక నవల పుట్టింది! 1914లో సాండర్ తీసిన ముగ్గురు యువరైతుల ఫొటో చూసి అమెరికన్ రచయిత రిచర్డ్ పవర్స్ 1985లో తన మొదటి నవల రాశాడు. ఇంకో వింత వినండి: ఆ ముగ్గురూ రైతులే కారు, ఇనుప ఖనిజం గనిలో ఉద్యోగులు!

★ ఓ బండి వెనక్కి తిరక్కపోతే ప్రపంచ ప్రసిద్ధమైన ఓ కూలీ తల్లి ఫొటో లేనే లేదు! 1936 మార్చిలో కాలిఫోర్నియాలో బఠాణీ కోత కూలీల శిబిరం బోర్డు దాటి దాదాపు 20 మైళ్లు వెళ్లిపోయిన డొరొతియా లాంగ్, మనసు ఊరుకోక బండి తిప్పుకుని వచ్చి తీసింది.

★ ఒక బొటనవేలి మీద ఎంత రాద్ధాంతం! ఆ ఫొటోలో ఒక మూల గుంజను పట్టుకున్న తల్లి బొటనవేలు కనిపిస్తోందని లాంగ్ తర్వాత నెగెటివ్‌లో దాన్ని చెరిపించింది. ఇప్పటికీ ఆ చోట నీడలా ఓ మచ్చ ఉంటుంది, వెతికి చూడండి!

★ ఫొటో అచ్చయ్యాక ప్రభుత్వం ఆ శిబిరానికి 20,000 పౌండ్ల తిండి పంపింది, అంటే దాదాపు 9 టన్నులు! పాపం, అప్పటికే ఆ తల్లి పిల్లలతో మరో ఊరికి పని వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

★ ప్రపంచమంతా ముఖం తెలుసు, పేరు తెలియదు... 42 ఏళ్లపాటు! లాంగ్ ఆమె పేరు అడగనే లేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే చెరొకీ ఆదివాసీ మహిళ అని 1978లో గానీ లోకానికి తెలియలేదు.

★ ఫొటో బాగా లేకపోతే మీరేం చేస్తారు? డిలీట్! 1930లలో అమెరికా ప్రభుత్వం కోసం పల్లెల ఫొటోలు తీయించిన రాయ్ స్ట్రైకర్ మాత్రం నచ్చని నెగెటివ్‌కి చిల్లు కొట్టేవాడు. అందుకే కొందరు రైతుల ముఖాల మీద ఇప్పటికీ గుండ్రటి నల్ల చుక్క!

★ రైల్లో ఎవరో వదిలేసిన పత్రిక ఒక ఫొటోగ్రాఫర్‌ని తయారుచేసింది! రైలు భోజనశాలలో వడ్డించే గోర్డన్ పార్క్స్ అందులో వలస కూలీల ఫొటోలు చూసి, తాకట్టు కొట్లో పాత కెమెరా కొనుక్కున్నాడు. చివరికి 'లైఫ్' పత్రికలో ఉద్యోగం పొందిన మొదటి నల్లజాతి ఫొటోగ్రాఫర్ అయ్యాడు.

★ కోటు గుండీల మధ్యనుంచి తొంగిచూసిన కెమెరా ఒకటుంది! 1938 నుంచి 1941 దాకా న్యూయార్క్ భూగర్భ రైళ్లలో వాకర్ ఎవాన్స్ ఎదుటి సీటువాళ్లను అలా రహస్యంగా తీశాడు. మీట నొక్కే తీగ చొక్కా చేతిలో దాగి ఉండేది. ఆ ఫొటోల పుస్తకం 1966 దాకా రాలేదు!

★ గాంధీగారి ఫొటో తీయాలంటే ముందు నూలు వడకడం నేర్చుకోవాలి! 1946లో మార్గరెట్ బర్క్-వైట్‌కి ఆశ్రమం పెట్టిన షరతిది. పైగా మూడే మూడు ఫ్లాష్ బల్బులకు అనుమతి. రెండుసార్లు తప్పింది, మూడోసారికి రాట్నం పక్కన గాంధీగారు చిక్కారు!

★ 'డాల్డా 13' అంటే నూనె డబ్బా కాదు, ఫొటోగ్రాఫర్! మన తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్ హోమాయ్ వ్యారావాలా పుట్టింది 1913లో, కాబోయే భర్త పరిచయమైంది 13వ ఏట, మొదటి కారు నంబరు డీఎల్‌డీ 13. ఆ మూడూ కలిసి కలంపేరైపోయాయి.

★ రఘు రాయ్ తొలి ఫొటో ఎవరిది? మంత్రిది కాదు, తారది కాదు... ఓ గాడిదపిల్లది! సివిల్ ఇంజినీరింగ్ చదివిన ఆయన సరదాగా తీసిన ఆ బొమ్మను అన్న ఎస్. పాల్ లండన్ 'టైమ్స్'కి పంపితే, పత్రిక అచ్చేసింది.

★ ఒకే కరువు, ఒకరి చేతిలో కెమెరా, ఇంకొకరి చేతిలో కుంచె! 1943 బెంగాల్ కరువులో సునీల్ జానా ఫొటోలు తీస్తూ, చిత్తప్రసాద్ బొమ్మలు గీస్తూ ఆకలి బతుకుల్ని దేశానికి చూపించారు.

★ హైదరాబాద్‌లో మగవాళ్లు అడుగుపెట్టకూడని ఫొటో స్టూడియో ఉండేది, అదీ 1892లో! పరదా పాటించే స్త్రీల కోసం రాజా దీన్ దయాళ్ ఎత్తైన గోడల మధ్య జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఓ ఆంగ్ల మహిళ చేతిలో పెట్టారు.

★ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అసలు ఉద్యోగం ఏమిటో తెలుసా? ప్రభుత్వ పనుల శాఖలో ప్లాన్లు గీయడం! రూర్కీలో ఇంజినీరింగ్ చదివి ఇందూరులో చేరిన దీన్ దయాళ్ కెమెరా సరదా ముదిరి 'రాజా ముసవ్విర్ జంగ్' బిరుదుదాకా వెళ్లారు.

★ అక్షరాలా 2,857 గాజు పలకలు! దీన్ దయాళ్ స్టూడియో నెగెటివ్‌లు ఇన్నింటిని 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం తీసుకుని భద్రపరిచింది. చేయి జారితే పగిలే వస్తువు వందేళ్లు నిలిచిందంటే మాటలా!

★ ఆస్ట్రియాలో పుట్టిన పండితుడికి ఆదిలాబాద్ అడవుల్లో ఆఖరి మజిలీ! గోండులు, చెంచుల జీవితాన్ని నోటు పుస్తకంతో పాటు కెమెరాతోనూ నమోదు చేసిన హైమెండార్ఫ్ భార్య సమాధి మార్లవాయి గ్రామంలో ఉంది; ఆయన కన్నుమూసిన చాలా ఏళ్లకు అస్థికలనూ అక్కడికే తెచ్చారు.

★ కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరన్ కెమెరా ముట్టుకున్నది 48వ ఏట! కూతురూ అల్లుడూ కానుకగా ఇచ్చిన ఆ పెట్టెతో, కోళ్ల గూడునే స్టూడియోగా మార్చేసి, చరిత్రకెక్కింది. కోళ్లు ఎక్కడికి పోయాయో అడగకండి!

★ ఫొటోకి ముందు తలస్నానం! ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ తెల్లజుట్టు వెలుగులో మెరవాలని కామెరన్ 1867లో ఆయన చేత తల కడిగించి, జుట్టు రేపి మరీ కెమెరా ముందు కూర్చోబెట్టింది.

★ కూలీల ఫొటోలో కూలీలు లేరు! 1861 ప్రాంతంలో పారిస్ భూగర్భ ఎముకల గుహల్ని విద్యుద్దీపాలతో తీసిన నాదార్, ఒక్కో ఫొటోకి 18 నిమిషాలదాకా పట్టేసరికి, కదలని మనుషుల కోసం బొమ్మలకు బట్టలు తొడిగి నిలబెట్టాడు.

★ ఒక్క చిత్రంలో 457 మంది, పూర్తవడానికి 23 ఏళ్లు! స్కాట్లండ్ చర్చి చీలిన ఘట్టాన్ని గీయడానికి డేవిడ్ హిల్, రాబర్ట్ ఆడమ్‌సన్‌తో కలిసి వాళ్లలో చాలామందికి ముందు ఫొటోలు తీసుకున్నాడు. 1866లో పూర్తయిన ఆ చిత్రంలో కెమెరాతో నిలబడ్డ ఆడమ్‌సన్ కూడా ఉన్నాడు!

★ ఫొటోల కోసం వెళ్లి ఇంటికే నిప్పంటించిన ఘనుడు జేకబ్ రీస్! న్యూయార్క్ మురికివాడల చీకటి గదులు తీయడానికి మండే మెగ్నీషియం పొడి వాడుతూ రెండుసార్లు ఇంటికీ, ఓసారి తన బట్టలకీ మంట పెట్టాడు.

★ ఇరవై సంపుటాలు, 40,000కు పైగా ఫొటోలు, 80కి పైగా తెగలు! అమెరికా ఆదివాసుల గురించి ఎడ్వర్డ్ కర్టిస్ తలపెట్టిన పుస్తకం మొదటి సంపుటం 1907లో, చివరిది 1930లో వచ్చాయి. మైనపు గొట్టాల మీద వాళ్ల పాటలూ మాటలూ కూడా పట్టాడు.

★ అంత గొప్ప ఆల్బమ్‌లో ఓ గడియారం గల్లంతైంది! గుడారంలో కూర్చున్న ఇద్దరు ఆదివాసుల మధ్య ఉన్న అలారం గడియారాన్ని కర్టిస్ ఫొటోలోంచి చెరిపేయించాడు, ఎందుకంటే 'పాతకాలం' బొమ్మలో కొత్తకాలపు వస్తువు కనిపించకూడదట.

★ ఫొటో తీయించుకోవడానికి వచ్చినవాళ్లకే ఎదురు డబ్బులు! 1948 క్రిస్మస్‌కి పెరూలోని కుస్కోలో స్థానిక స్టూడియో అద్దెకు తీసుకున్న ఇర్వింగ్ పెన్, యజమానిని పండక్కి పంపించేసి, వచ్చిన కొండ రైతుల్ని మూడే రోజుల్లో దాదాపు 200 ఫొటోలు తీశాడు.

★ పాత నాటకాల తెర, దేశాలు తిరిగిన తెర! పారిస్‌లో దొరికిన ఓ వాడేసిన రంగస్థలపు తెరను పెన్ దశాబ్దాలపాటు వాడాడు. దాని ముందు తారలూ నిలబడ్డారు, చేపలమ్మేవాళ్లూ నిలబడ్డారు.

★ దుప్పటిని చూసి తేదీ చెప్పగలరా? మాలి దేశపు సేదూ కెయితా చెప్పేవాడు! బమాకోలో 1948లో స్టూడియో తెరిచిన ఆయన మొదట తన మంచం దుప్పటినే వెనక తెరగా కట్టాడు. రెండు మూడేళ్లకోసారి తెర మార్చేవాడు కాబట్టి తెర డిజైన్‌ను బట్టే ఫొటో ఎప్పటిదో తేలిపోతుంది.

★ ఒక్కరికి ఒక్కటే క్లిక్కు! ఫిల్ము ఖరీదైంది కాబట్టి కెయితా రెండో ఫొటో తీసేవాడు కాదు. చేతి గడియారం, పెన్ను, రేడియో, స్కూటరు లేనివాళ్లకు స్టూడియోలోవే ఇచ్చి దర్జాగా దింపేవాడు. మన పాత స్టూడియోల్లో కాగితపు కార్లు గుర్తొస్తున్నాయా?

★ సుడిగాలి తెచ్చి పడేసిన ఫొటోగ్రాఫర్! తాను ఆ ఇంటి బిడ్డనే కాదని, పసివాడిగా ఉన్నప్పుడు సుడిగాలి ఎత్తుకొచ్చి అక్కడ పడేసిందని అమెరికాలోని అర్కన్సా పల్లెటూరి ఫొటోగ్రాఫర్ మైక్ డిస్‌ఫార్మర్ చెప్పుకునేవాడు. ఆయన పోయాక వేల గాజు నెగెటివ్‌లున్న స్టూడియో సరుకు 5 డాలర్లకే అమ్ముడైంది!

★ 752 మంది, 13 రాష్ట్రాలు, 17,000 ఫిల్ము పలకలు, ఒకే తెల్ల కాగితం! 1979 నుంచి 1984 దాకా రిచర్డ్ అవెడాన్ అమెరికా పశ్చిమాన గని కార్మికుల్ని, కసాయివాళ్లను, దేశదిమ్మరులను తెల్ల కాగితం ముందు నిలబెట్టాడు, వెనక ఏమీ లేకపోతే చూపు ముఖం దాటిపోదు గదా!

★ 'ఒంటి నిండా తేనెటీగలు వాలనిచ్చే మనిషి కావలెను' అని ప్రకటన వేస్తే ఎవరైనా వస్తారా? వచ్చారు! అవెడాన్ తేనెటీగల పత్రికలో అలా వెతికితే ఒకాయన ముందుకొచ్చాడు. కీటక శాస్త్రవేత్త ఆయన ఒంటికి రాణీగ వాసన పూసేసరికి ఈగలు గుంపులుగా వాలాయి.

★ కెమెరా బరువు 106 కిలోలు, రెండు బియ్యం బస్తాలకు పైమాటే! ఒక్కో ఫొటో 20 అంగుళాలు బై 24 అంగుళాలు వచ్చే ఆ పోలరాయిడ్‌తో మేరీ ఎలెన్ మార్క్ కవలల్ని తీసింది. ఎక్కడో తెలుసా? ఏటా కవలల జాతర జరిగే అమెరికా ఊరు ట్విన్స్‌బర్గ్‌లో!

★ పదమూడేళ్ల పిల్లగా పరిచయం, ముప్పై ఏళ్లు దాటిన ఫొటోలు! 1983లో సియాటిల్ వీధుల్లో కలిసిన 'టైనీ' అనే అమ్మాయిని అదే మేరీ ఎలెన్ మార్క్ పది మంది పిల్లల తల్లి అయ్యేదాకా తీస్తూనే ఉంది.

★ ఇచ్చేసిన రీలు నుంచి పుస్తకం పుట్టింది! 1989లో ఢిల్లీలో మోనా అహ్మద్ అనే హిజ్రాను ఓ పత్రిక కోసం తీసిన దయానీతా సింగ్, ఆమె వద్దనగానే రీలు తీసి చేతిలో పెట్టేసింది. ఆ నమ్మకంతో పెరిగిన స్నేహం 2001లో పుస్తకమైంది.

★ నలుగురు అక్కచెల్లెళ్లు, ఏడాదికి ఒక్క ఫొటో, 1975 నుంచి 2022 దాకా! నికొలస్ నిక్సన్ తన భార్యనూ ఆమె ముగ్గురు తోబుట్టువులనూ ఏటా అదే వరసలో నిలబెట్టాడు. మీ ఇంట్లో అందరూ కలిసే పండగ ఏది?

★ కళ్లద్దాల డాక్టరు కెమెరా పడితే? ఒకే పేట మనుషుల్ని 1970లు, 80లు, 90లు, 2000లలో మళ్లీ మళ్లీ తీశాడు! అమెరికాలోని బఫెలోలో ఆ పని చేసిన మిల్టన్ రొగోవిన్ 101 ఏళ్లు బతికాడు, 90 దాటినా కెమెరా వదల్లేదు.

★ 67వ ఏట మొదలుపెట్టి దాదాపు 20,000 ఫొటోలు! పోలండ్‌లో జోఫియా రైడెట్ 1978 నుంచి ఊరూరా తలుపు తట్టి, ఇంటివాళ్లను వాళ్ల గోడల ముందే కూర్చోబెట్టి తీసింది. రిటైర్ అయినవాళ్లూ, వింటున్నారా?

★ పిల్లల ఆయా దగ్గర లక్షకు పైగా నెగెటివ్‌లు! షికాగోలో వీధి మనుషుల్ని తీసిన వివియన్ మేయర్ వాటిని ఎవరికీ చూపించలేదు. 2007 వేలంలో ఓ పెట్టె దాదాపు 400 డాలర్లకు పోయింది, ఆ ఫొటోలు లోకాన్ని ఊపేసేసరికి ఆమె కన్నుమూసింది.

★ మనిషిని పట్టించినవి కళ్లే! 1985లో పత్రిక ముఖచిత్రమైన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ బాలికను 2002లో స్టీవ్ మెక్‌కరీ మళ్లీ కనుక్కున్నప్పుడు, కంటిపాప చుట్టూ ఉండే గీతలను పోల్చి ఆమే అని తేల్చారు. తన ఫొటోను ఆమె మొదటిసారి చూసింది కూడా అప్పుడే!

★ చేతిలో బొమ్మ గ్రెనేడ్, ముఖంలో రౌద్రం... ఆ పిల్లాడు నిజంగా అంత కోపిష్ఠా? కానే కాదు! 1962లో డయాన్ ఆర్బస్ తీసిన ఆ రీలులో మిగతా ఫొటోలన్నింటిలో చక్కగా ఆడుకుంటున్నాడు. ఇక తీసింది చాలని విసుగెత్తిన ఒక్క క్షణమే ప్రసిద్ధమైంది.

★ పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో ఎక్కువ ఫొటోలు దిగింది లింకన్ కాదు! బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్‌వి దాదాపు 160 దొరికాయి, చాలావరకు నవ్వు లేకుండానే. నల్లవాళ్లను పళ్లికిలించే బానిసల్లా గీసే వ్యంగ్య చిత్రాలకు అదే ఆయన జవాబు.

★ లారీ తోలాడు, చేపల పడవలో పనిచేశాడు, చివరికి ఒక గోడ పక్కన స్థిరపడ్డాడు! జపాన్ ఫొటోగ్రాఫర్ హిరో కికాయ్ 1973 నుంచి నలభై ఏళ్లకు పైగా టోక్యోలోని సెన్సోజీ గుడి గోడ ముందు దారిన పోయేవాళ్లను నిలబెట్టి తీశాడు. గోడ ఎర్రనిది, ఫొటోలు మాత్రం నలుపు తెలుపు! మీ వీధిలో అలాంటి ఖాళీ గోడ ఎక్కడుందో చెప్పండి, రేపు దాని ముందు ఎవర్ని నిలబెడతారు?